గెడ్డ

ఇసుకతోట దిగువన మూడొందల ఎనభై గజాలు.
ముప్పై ఏళ్లు హార్బరు దగ్గర
బోటు ఇంజన్ల బోల్టులమ్మి కొన్నది.
కింద షాపులు, మీద ఆఫీసులు,
ఆ మీద ఏటో ఇంకా అనుకోలేదు.

చంటిబాబు గారు సైటుకి రాలేదు.
సిరిపురంలో ఏసీ గది. గోడంత తెర మీద
నా బిల్డింగుని గిరగిరా తిప్పాడు,
అద్దాల్లో మబ్బులు కూడా వేశాడు.
ఐదంతస్తులు.
"పర్మిషన్ సంగతి నాకొదిలెయ్యండి."
ఆ నవ్వులోనే టేబులు కింద చెయ్యి కనిపించింది.

మజ్జి ఇందుమతి స్కూటీ మీద వచ్చింది.
టేపు కొస నా చేతికిచ్చి కదలొద్దంది.
రోడ్డు కొలిచింది. వెనక కొండకేసి చూసింది.
చెప్పు విప్పి మట్టిలో కాలు పెట్టి
"ఇక్కడ గెడ్డ ఉండేదా?" అంది.

నేను పలకలేదు.
నలభై లారీల రబ్బీసు, లెక్క రాసుకున్నది నేనే.

"నాలుగే వస్తాయండి. వెనక ఇంత వదలాలి.
ఫైరు వాళ్లకో ఫైలు, నేవీ వాళ్లకో ఫైలు.
ఆర్నెల్లు పట్టొచ్చు. బేగి అయిపోద్దని నేను చెప్పను."
ఫీజు మాత్రం చంటిబాబు కన్నా ఎక్కువ!

కోపంతోనే రాత్రి షట్టరు దించాను.
తుప్పు పొడి అరచేతికంటింది.
ఏ కాగితమూ చూపించకుండా
ఉప్పుగాలి లోపలికొచ్చే ఊరిది.
హుద్‌హుద్ నాడు ఎదురు షోరూము అద్దాలు
నా గుమ్మంలో చేటతో ఎత్తాను.

తెల్లారకుండానే ఫోన్ చేశాను.
"ఉండేదమ్మా గెడ్డ. నీళ్లకి దారొదిలి గియ్యి."

"తెలుసండి," అంది,
"వదిలే గీశాను."