నిశ్శబ్దం పద్దు

కొత్తవాడల మా గల్లీ మలుపుకాడ
గుండేటి రాజవీరు మిద్దె మీద
ఒక రికార్డుల కంపెనీ ఉండెనంటే
ఇప్పుడు ఎవ్వలు నమ్మరు.

పేరు ‘నాడె’.
‘నాద’మని రాయబోయి తప్పు రాసిండ్రని
చదువుకున్నోళ్లు నవ్వేటోళ్లు.
ఆయన దిద్దలేదు.
రికార్డు నడుమ గుండ్రటి కాయితం మీద
పడవ లెక్క నాడె బొమ్మ,
కింద చీమలంత అక్షరాలల్ల వరంగల్లు.

గోడల నిండ షత్రంజీలు కొట్టిండ్రు,
రంగు కారినవి, సంతల మిగిలినవి.
తలుపు సందులల్ల దూది కుక్కిండ్రు.
అయినా రేడియోలు బాగుచేసే యాకూబ్ పాషా
చెవులకు డబ్బాలు పెట్టుకొని మొదటిరోజే చెప్పిండట:
“వీరన్నా, అమ్మ గొంతు కంటే ముందు
నీ గల్లీ వినొస్తున్నది.”

నూట నలభై మగ్గాలు.
వాటి నడుమ శహన ఎక్కడ కూసోవాలె?

అందుకే నన్ను పెట్టుకున్నరు.
తొమ్మిదేండ్లు నాకు, చేతిల ఎర్ర తువ్వాల.
మిద్దె మీదికెల్లి పాషా చెయ్యి ఊపంగనే
ఈ కొసనుంచి ఆ కొసకు ఉరికేటోణ్ని.
ఆపుండ్రి! ఆపుండ్రి! అండాళమ్మ కూసున్నది!
గుంతలల్ల కాళ్లు ఆగేటియి.
బీడీలు వెలిగేటియి.
ఎవ్వలో దగ్గొస్తే తువ్వాల నోట్లె కుక్కుకునేది.

ఆగిన గంటకు మగ్గానికి అర్ధరూపాయి
ఇంటింటికి తిరిగి ఇచ్చేది రాజవీరు.

ఆయన కాలం చేసినంక
ఖాతాబుక్కు నా చేతికొచ్చింది.
మైకు కిరాయి. కలకత్తల అచ్చు ఖర్చు.
కాజీపేట హమాలీ.
తిరునగరి అండాళమ్మగారికి చీర, రెండు పండ్లు.
అన్నిట్లకు పెద్ద పద్దు ఇంకొకటి:
నిశ్శబ్దం, డెబ్బై రూపాయలు.
నిశ్శబ్దం, డెబ్బై రూపాయలు.
నిశ్శబ్దం, నూట నలభై
(మృదంగమాయన తని తొందరగ వదల్లేదు).

పదిహేనేండ్లల్ల పదకొండే రికార్డులు.

నాలుగోది కొలిపాక ఎల్లయ్య సన్నాయి.
సభలల్ల ఆయన చోటు ఎప్పుడూ గేటు కాడనే.
పాషా ఆయనను నడిమింట్ల కూసోబెట్టి
మైకును మెట్ల మీదికి జరిపిండు,
అంత ఊపిరి ఆ మనిషిది.
ఆ పొద్దు కూలి ఎవ్వలు ముట్టలేదు.
పద్దుల ఉన్నది: నిశ్శబ్దం, ఉత్తగ.

ఆరోది రోహిణి కార్తెల దిగింది.
పెట్టెలు రెండు రోజులు ప్లాట్‌ఫారం మీద ఎండినయి,
మూడు వందల రికార్డులు అప్పడాలైనయి.
రాజవీరు ఏమనలేదు, గల్లీకి పంచిండు.
చాన్నాళ్లు మా రంజనుకు మూత
తోడి రాగమే.

తర్వాత క్యాసెట్లొచ్చినయి, దొంగ క్యాసెట్లొచ్చినయి.
పాషా టీవీల దిక్కు పోయిండు.
పదకొండోది అచ్చుకే పోలేదు,
టేపు నా బీరువల ఉన్నది, బూజు వాసన.

మా గల్లీల మగ్గాలిప్పుడు నాలుగు.
మిట్ట మధ్యాహ్నం కూడ
సూది పడితే వినొస్తది.
అంత నిశ్శబ్దం, ఉత్తగనే,
కొనేటోడు లేడు.

ఏడో రికార్డు గురించి చెప్పలేదు గద.
రెండో దిక్కు, ముఖారి ఆలాపన.
సగంల దూరంగ ఒక చప్పుడు,
టక్కు, టక్కు.
మా అమ్మ.
సాయంత్రానికి సరుకు అప్పజెప్పాలె ఆమె.
“నీ బడి ఫీజు అండాళమ్మ కడతదా?” అన్నది,
కాళ్లు ఆపలేదు.
నేను పాషాకు చెప్పలేదు.
ఆ పొద్దు అర్ధరూపాయి అమ్మకూ వచ్చింది,
వాపసు ఇచ్చి రమ్మని నన్నే పంపింది.
నేను పిప్పరమెంట్లు కొనుక్కున్న.

యాభై ఏండ్లకు ఆ పేజీ తీస్తే
అంచున పెన్సిలుతోని రాజవీరు దస్తూరి:
‘ఒక మగ్గం ఆగలేదు. ఉండనీ.’

ఆలాపనకు తాళం ఉండదంటరు.
ఆ ఒక్క రికార్డుల ఉంటది.