నాలుగు వేళ్లు

ఇసకపల్లి ఉప్పు కొటార్ల కాడ
మే నెల, తెల్లారి అయిదు.
మూడు దోనెలు, ఆరుగురం,
పదకొండు సంచులు.

పోలమ్మక్క కాటా తేలేదు.
నడుం లోతు నీళ్లలో దిగి
దోనె అంచుకీ నీటికీ నడుమ
చెయ్యి అడ్డంగా పెట్టింది.
"రెండు వేళ్లే ఉంది. నాలుగుండాల.
తియ్యండబ్బయ్యా, తియ్యండి."

ముందు నా దుప్పటి పోయింది.
రోహిణి ఎండల్లో దుప్పటేందని నవ్వింది.
దోమలక్కా, అమ్మ చెప్పిందక్కా అన్నా వినలేదు.
తర్వాత గోంగూర సీసా, అదీ నాదే.
దయాకర్ బ్యాటు:
తెడ్డుకి తెడ్డు, బ్యాటుకి బ్యాటు అని
వాడు చాలాసేపు వాదించాడు.
రెహానా మూడో జత చెప్పులు, రెండో జత,
చివరికి కాళ్లకున్నవి.
ఎవరి సంచిలోంచో
ఒక ఇస్త్రీపెట్టె.
అందరం ఆకాశం చూశాం.

ఒక్కోటీ గట్టెక్కుతుంటే
మడుగులో పడుకున్న బర్రె లేచినట్టు
దోనె మెల్లగా వీపు పైకెత్తింది.
మూడు వేళ్లు. మూడున్నర.
ఆ అర వేలు కాడ బో తంటా.
ఫోన్లు ఇచ్చేశాం, కదల్లేదు.
ఫోను అంత తేలికని
ఆ పొద్దే తెలిసింది.
అప్పుడు నేను, బుద్ధిమంతురాల్ని,
సీసం గుండ్ల డబ్బా తీసి గట్టున పెట్టాను.
నాలుగు.

మంచినీళ్ల క్యాన్ల జోలికి మాత్రం ఆమె పోలేదు.
"కాలవ నీళ్లు కంటికేనమ్మా, గొంతుక్కాదు."
ఆమె సామానంతా తువ్వాలు కొసన ముడి:
కత్తి, మైనం గుడ్డలో అగ్గిపెట్టె,
పొగాకు కాడ.
ఉప్పు ఏదక్కా అంటే
కొటార్ల వైపు గడ్డం ఎగరేసింది.

సముద్రంలో వేట ఆపేసిన నెల.
మరపడవలు తాళ్లకి కట్టేసున్నాయి,
వాటి నీడల్లో కుక్కలు.
కాలవ మాత్రం మాకోసం తెరిచున్నట్టు
సరుగుడు తోపుల పక్కనించీ
వంకలేకుండా పోతోంది.
తెడ్డు వేయడం చేతికి పట్టేసరికి
అరచేతులు బొబ్బలెక్కాయి.

పైడేరు మొగ దగ్గర గాలాలు వేశాం.
పోటు నీళ్లు వడిగా లోపలికొస్తున్నాయి.
తాడు మునగదే!
ఎర పైపైన తేలి, ఆడుకుంటా, ఎటో పోతుంది.
కొంగ ఒకటి చూసి సిగ్గుపడింది.
"గుండు కట్టలేదా?" అంది పోలమ్మక్క.
ఆరుగురిలో అయిదుగురు నా వైపు తిరిగారు.

ఆరోవాడు ఖాజావలి.
పలక్కుండా నిక్కరు జేబులో చెయ్యి పెట్టి
ఏడు నట్లు తీశాడు.
అల్లూరులో వాళ్ల నాయన ట్రాక్టర్ షెడ్డువి,
గ్రీజు వాసన ఇంకా పోలేదు.
"సంచులు చూశావు గానీ
జేబులు చూళ్లేదు గదక్కా."
ఆమె మొహంలో తిట్టొకటి సగం దాకా వచ్చి ఆగింది.
ఒక నట్టు తీసి
తన తాడుకే ముందు కట్టుకుంది.

పొద్దు వాలేలోపు
రెండు పండుగప్పలు, ఒక జెల్ల.
జెల్ల ముల్లు దిగి దయాకర్ ఏడ్చాడు,
ఎవరికీ చెప్పొద్దన్నాడు,
ఇదిగో చెప్తున్నాను.
జానెడు లేని ఇంకో పండుగప్పని
పోలమ్మక్క నీళ్లకి తిరిగిచ్చింది.
సరుగుడు పుల్లల మీద కాల్చిన చేప
పొట్టు రాలి, పొగ వాసనేసి,
బో రుచి.
గోంగూర గుర్తొచ్చింది, ఒప్పుకుంటాను.

రాత్రి అమ్మ మాటే గెలిచింది.
దోమలు మందలు మందలు.
మెడ దాకా ఇసకలో పూడ్చుకుని పడుకున్నాం,
పగటి ఎండని ఇసక ఇంకా దాచుకునే ఉంది.
ఆరు తలకాయలు,
పుచ్చకాయల మడి మాదిరి.

మూడో పొద్దున తిరిగొచ్చాం.
క్యాన్లు ఖాళీ.
దోనె అంచు కాడ ఆమె చెయ్యి పెడితే
అయిదు వేళ్లు పైగానే.
ఖాజావలి నట్లు లెక్కపెట్టుకున్నాడు,
నాలుగే మిగిలాయి,
మూడు నీళ్లు తీసుకున్నాయి.

కొటారు కాపలా గుడిసెలో
మా సామాను గుట్టగా పడుంది.
ఇంత మనదేనా అని కాసేపు
ఎవరం ముట్టుకోలేదు.
తర్వాత ఎవరివి వాళ్లు ఏరుకున్నాం,
బ్యాటు, చెప్పులు, సీసా, ఫోన్లు.
ఇస్త్రీపెట్టెని
నాదని ఎవరూ అనలేదు.

ఇప్పటికీ అక్కడే ఉందంట.
సముద్రం గాలి లేచినప్పుడు
ఉప్పు బస్తాల చీటీలు ఎగరకుండా
కాపలా తాత దాన్నే పెట్టుకుంటాడంట.