తువ్వాలు వేసిన సీట్లు

పళ్లెం మూత తీస్తే
ఆకుపచ్చ చుక్కలు, చుక్క మీద చుక్క.
లెక్కపెట్టడం మానేసి
చీటీ మీద "లెక్కకు మించి" అని రాశాను.

ఆకివీడులో, మేతల కొట్టు మేడ మీద నా ల్యాబు.
తెల్లారేసరికి మెట్ల నిండా సీసాలు,
ఒక్కో సీసాలో ఒక్కో చెరువు,
అడుగున పేరుకున్న అప్పు.

తాతరాజు గారు చీటీ చదవలేదు,
నా మొహం చదివారు.
"మందు కొట్టేద్దామా?"
కొట్టొచ్చండీ. కంటైనరు వెనక్కొస్తుంది
పోయినేడు వచ్చినట్టే.
పైగా మంచీ చెడ్డా కలిసి చస్తాయి,
ఖాళీ పడ్డ ఇంట్లో ముందు దూరేది చెడ్డదే.

చంపడం కాదు, చోటివ్వకపోవడం.
భీమవరం బస్టాండులో బస్సు ఆగీ ఆగకముందే
కిటికీలోంచి తువ్వాలు విసురుతాం చూడండి,
అదీ.
రొయ్య పేగులో ఎన్ని సీట్లని?
మనవాళ్లు ముందు కూర్చుంటే
వాళ్లు దిగిపోవాల్సిందే.

పొట్లాలు కొన్నారు.
బెల్లం నీళ్లలో డ్రమ్ము పులిసింది,
ఏరియేటర్ల నురగలో కుమ్మరించారు.
వారానికి మళ్లీ సీసా వచ్చింది.
అదే ఆకుపచ్చ.
చెక్ ట్రేలో రొయ్యల వెన్నులో
తెగి తెగి తెల్ల దారం.

నేనే వెళ్లాను చెరువుకి.
గట్టు మీద రేకుల పాకలో
కాపలా సైదు పెళ్లాం నాంచారమ్మ
తరవాణి కుండలో గంజి వంపుతోంది.
"రోజూ ఇంత పొయ్యకపోతే
కుండ చచ్చిపోద్దండీ" అంది.
మా మాటలన్నీ వింటూనే ఉందేమో,
తల ఎత్తకుండానే ఇంకో మాట:
"ఆకలి కడుపుతో పంపితే
ఎవుడు కాత్తాడండీ కాపలా?"

తాతరాజు గారు చెరువు వైపు చూశారు.
సైదు జీతం, రెండు నెలలది,
ఆయన దగ్గరే ఉంది.

రావులపాలెం నుంచి పచ్చి గెలలు దిగాయి,
ధర పలకనివి.
నాంచారమ్మ తొక్కతోనే చక్రాలు కోసి
పాత వల మీద ఎండేసింది.
మర పట్టించి, పొట్లం పొడితో కలిపి
మేతకి పట్టించాం.
రొయ్యకి అరగని ఆ పిండి
పేగులో కూర్చున్నవాళ్లకి
క్యారేజీ.
పేగు చివరి మలుపు దాకా
మూత తెరవకుండా వెళ్తుంది.

ముప్పై ఎనిమిదో రోజు పళ్లెం.
"ఇంకా పచ్చగానే ఉందేంటమ్మా?"
ఆయన కంటికి రెండూ పచ్చే.
ఇది పసుపుపచ్చండీ. ఊపిరి పీల్చుకోండి.
ఆకుపచ్చవి పదకొండే.
"సున్నా కాదా?"
సున్నా అయితే నాకే భయమండీ.

నాంచారమ్మ గ్లాసుడు తరవాణి ఇచ్చింది,
చితక్కొట్టిన ఉల్లిపాయతో.
పులుపు ముక్కుదాకా ఎక్కింది.
సైదుకి ఒక నెలది ముట్టిందట,
రెండోది పట్టుబడి అయ్యాక.

ఆ రాత్రి కరెంటు పోయింది.
ఏరియేటర్లన్నీ ఒక్కసారే ఆగితే
చెరువుకి వినపడే నిశ్శబ్దం మామూలుది కాదు.
జనరేటరు దాకా సైదు
పరిగెత్తాడో నడిచాడో
నేను అడగలేదు.