వకుళ వైపు, నా వైపు

బల్లరాట్‌లో జూన్ నెల.
షెడ్డులో జిగురు కూడా ఆరనంటోంది.
రోడ్డు పక్కన ఎవరో పారేసిన బీరువా తలుపులు రెండు.
బ్లాక్‌వుడ్, అన్నాడు పక్కింటి మెర్విన్
గోటితో గీరి, వాసన చూసి.
దీన్ని పారేసినవాడికి పుట్టగతులుండవన్నాడు.
ఇంగ్లీషులో ఇంకోలా అన్నాడులెండి.

తలుపు లోపలివైపు ఇంకా కలరా ఉండల వాసన,
ఎవరి టైలో వేలాడిన తీగ, నాలుగు మేకులు.
తీగ పీకాను. మేకుల గుంటలు పూడ్చలేదు.

నాలుగంగుళాల కాగితపు కోను, పెట్టెకి ఒక్కటే.
బొంగురుకొక నోరు, కీచుకొక నోరు పెట్టను.
మృదంగం నుంచి మువ్వ దాకా
ఆ ఒక్క గొంతే మొయ్యాలి.

పలకని వేలి కణుపులతో తట్టి వింటాను,
సంతలో కుండ కొనేవాళ్ళలా.
కుండ ఖంగుమనాలి. ఇది అనకూడదు.
పెట్టె పాడితే పాట పాడవుతుంది.
అందుకే లోపల అడ్డకర్ర,
వెనక గోడకి గొర్రెబొచ్చు,
కింద మూలన గాలి పోయే గొట్టం.
అరంగుళం కోసి, విని, మళ్ళీ అరంగుళం కోసి
చివరికది మరీ పొట్టిదైపోతే
కాఫీ డబ్బా అట్ట చుట్టి అతికించాను.
ఆ అతుకు ఇప్పటికీ ఉంది. చూపించను.

కోను కూర్చోవాల్సిన గుండ్రం కూడా పెద్దదైంది.
మెర్విన్ ఏమీ అనలేదు.
రంపపు పొట్టు జిగురులో కలిపి
వేలితో మెత్తాడు,
పగిలిన మడమకి మందు రాసినట్టు.

మొదటి వంద గంటలూ
రెండు పెట్టెల్నీ ముఖాముఖి నిలబెట్టి
ఒకదానికి తీగలు తిరగేసి
పైన పాత రజాయి కప్పాను.
ఒకటి ముందుకొస్తే రెండోది వెనక్కి.
రాత్రంతా గట్టిగా పాడుకుంటూ
ఇద్దరూ కలిసి దాదాపు నిశ్శబ్దం.
"మనలాగే" అంది వకుళ.

తర్వాత విన్నాం.
వీణ బాగుంది. మంద్రంలో తంత్రి వణుకు
నేలమీదుగా వచ్చి పాదానికి తగిలింది.
తాళాలే, గుడ్డలో చుట్టి కొట్టినట్టు.
ఆ తళుకేదీ?
ఒక కాయిల్ తీసేశాను. రెసిస్టరు మార్చాను.
పెట్టెల్ని నా కుర్చీ వైపు తిప్పాను,
కుర్చీని పెట్టెల వైపు జరిపాను.
"స" అన్నప్పుడల్లా సూది పెట్టి పొడుస్తున్నట్టుందని
వకుళ చెవులు మూసుకుంది.
నీకు అలవాటు లేదన్నాను.
ఆ రెసిస్టరు కూడా పీకేశాను.

అక్టోబరు. షెడ్డు తలుపు తీసే ఉంది.
కంచె మీద నీలి రెన్ పిట్ట, నా బొటనవేలంత,
తోక నిటారుగా.
నోరు తెరిచింది, మూసింది, తెరిచింది.
ఒళ్ళంతా అదురుతోంది.
ఏమీ అనడం లేదు పాపం, అన్నాను.
వకుళ పిట్టని చూడలేదు. నన్ను చూసింది,
చాలాసేపు.
"పాడుతోంది" అంది.

పదహారేళ్ళు రొట్టెల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ.
పిండి కలిపే యంత్రాలు. ట్రేలు, ట్రేల మీద పడే ట్రేలు.
చెవుల్లో పెట్టుకోమని ఇచ్చిన పసుపు స్పాంజి ముక్కలు
లాకర్లోనే ఉండేవి, ప్యాకెట్టు విప్పకుండా.

ఆ సాయంత్రం మెర్విన్ దగ్గర ఒక స్విచ్చి అడిగి తెచ్చాను,
ఏ పాత రేడియోదో, నల్ల బుడిపె.
పీకేసిన కాయిలూ రెసిస్టరూ వెతికి
మళ్ళీ టంకం పెట్టి, పెట్టె వెనక బిగించాను.
పైకి నొక్కితే వకుళ వైపు.
కిందికి నొక్కితే నా వైపు.
పెన్సిలుతో రాశాను: వ. నా.

ఎక్కువగా పైకే ఉంటుంది.
తాళం పడేచోట
కుర్చీ చెయ్యి మీద ఆమె వేలు పడుతుంది.
నేను వేలు చూస్తాను.

మెర్విన్ వచ్చిన రోజు మాత్రం కిందికి.
సామిల్లులో నలభయ్యేళ్ళు చేశాడతను.
ఇద్దరం కూర్చుని
ఎంత బాగుందో, ఎంత బాగుందో అనుకుంటాం.
వకుళ వంటింటి తలుపు వేసుకుంటుంది.