పాత మేకు

కరీమాబాదుల మా అద్దింటెనుక
రెండు గజాల జాగ.
బట్టలుతికే బండకూ పాయఖాన గోడకూ నడుమ
ఎవలకూ అక్కరరాని మన్ను.

కాముని బూడిద ఇంక గల్లీల ఎగురుతనే ఉన్నది.
ఎనుమాముల దిక్కు నుంచి గాలి కొడితే
మిర్చి ఘాటు.
తుమ్ముకుంట, కండ్లు తుడ్సుకుంట
గడ్డపార వేసిన.
కంగుమన్నది.

పగిలిన గాజు ఒకటి, ఒక గోటీ,
కుచ్చు రాలిన పండ్లబ్రష్షు,
ఎవలో పిల్ల కొరికిన బలపం ముక్క.
నాకంటె ముందు ఎంతమంది ఉండి పోయిండ్రో
మన్ను లెక్క వెట్టుకున్నది.

"గట్టిగ తవ్వకు బిడ్డా, కింద పైపున్నది!"
కిటికీల నుంచి యాకమ్మ.
ఇల్లు ఆమెది, కోపమూ ఆమెదే.
జరసేపటికి తనే వచ్చింది
కొంగు ముడి విప్పుకుంట:
ఆనిగెపు గింజలు నాలుగు,
చిటికెడు పుంటికూర ఇత్తులు.
"నిలవెట్టకు, పండవెట్టు.
నిద్రవోయి లేసేది అదైనా గంతే గద."

కాత ఎన్నాళ్లకని మెల్లగ అడిగిన.
"రెండు నెలలకు పిందె. ఆ మీద మూన్నెల్లు తినొచ్చు."
నా పదకొండు నెలల కాయితం
వైశాఖంల ఒడుస్తది.
ఆ సంగతి ఆమెకూ ఎరుకే.
ఇద్దరం మాట్లాడలే.
నల్లా రాని రోజు,
బియ్యం కడిగిన నీళ్లే పోసిన.

గోడకు ముందే ఒక మేకున్నది,
తుప్పు వట్టి, మెడల సుతిలి ముక్కతోటి.
"అది నర్సింగం సారుది. కాకర వెట్టిండు.
పూత మీదుండంగనే మంచిర్యాలకు బదిలీ."
మరి కాయలో?
"మేమే తిన్నం," అని
నవ్వాల్నా వద్దా అన్నట్టు నిలవడ్డది.
"ఒక సంచెడు ఆయనకు బస్సుల పంపిన.
ముట్టినయో లేదో.
ఫోన్ చేస్తే అడుగుదామనుకున్న,
చెయ్యలే."

ఉగాది పొద్దున యాపపూత ఏరుకొచ్చి చూసిన:
నాలుగిట్ల మూడు మొలిశినయి,
గింజపొట్టు టోపీ లెక్క నెత్తిన వెట్టుకొని.
నాలుగో దాని జాగల చీమలబారు.
పుంటికూరైతే ఎక్కడ జల్లిన్నో అక్కడ లేదు,
బండ సందుల నుంచి లేస్తున్నది.

మాపటికి మా ఇంటాయన
చౌరస్తాల కొత్త సుతిలి కొనుక్కొచ్చిండు.
తీగ ఇంక జానెడన్న కాలే,
అయినా నాకు ఆగ బుద్ధి కాలే.
స్టూలెక్కి మేకుకున్న పాత ముడి విప్పబోయిన.
గోళ్లు నొచ్చినయి గని
అది రాలే.
దాని మీదనే కట్టిన.