లెక్కకు ముందరిది

లోడ్వార్‌లో రేకుల షెడ్డు కింద
మూడు రోజుల శిక్షణ.
నైరోబీ నుంచి వచ్చిన వన్యోన్యి సారు
బోర్డు ఈ చివర మొదలుపెట్టి ఆ చివరి దాకా
ఒకే ఒక్క మాట రాశాడు:
ప్రీ-ఎన్యూమరేటివ్.
చోటు చాలక చివరి అక్షరాలు
కిందికి ఒంగాయి,
నీళ్ల డబ్బా మోసే భుజంలాగా.

"అందరూ అనండి" అన్నాడు.
ఇరవై ఆరుగురం అన్నాం.
ఇరవై ఆరు మాటలు వినిపించాయి.
నా నోట్లో అది ముసలి మేక మాంసం,
ఎంత నమిలినా మింగుడు పడదు.
పక్కన కూర్చున్న ఎక్వామ్
"ఇది తినేదా, తొడుక్కునేదా?" అని గొణిగాడు.

సారు అర్థం చెప్పాడు.
అసలు లెక్క ఆగస్టులో.
ఇప్పుడు మనుషుల్ని లెక్కపెట్టం,
మనుషులు ఉండే చోట్లని లెక్కపెడతాం.
లెక్కకు ముందు చేసే పనులన్నిటికీ
ఈ మాటే ముందు తగిలించాలి:
జాబితాకి, పటానికి, సుద్దముక్కకి కూడా.
ప్రతి తలుపు మీదా నంబరు వేసి రండి,
సందేహాలుంటే అడగండి.
మా వైపు ఇళ్లకి తలుపులుండవని
ఒక్కరమూ నోరు విప్పలేదు.

సాయంత్రం స్పెల్లింగు పరీక్ష.
నాకు పదికి ఏడు.

*

ఎండిన ఏటి ఇసుకలో రెండు గంటలు నడిస్తే
అకోలోమ్ అవ్వ గుడిసెలు.
తాటాకు గుండ్రాలు నాలుగు, చుట్టూ ముళ్లకంప.
సుద్దముక్క పట్టుకుని
రాసే చోటు కోసం
దొంగలా తచ్చాడాను.
ఆకు మీద సుద్ద నిలవదు.
నీళ్ల డబ్బా రేపు ఇంకెక్కడో ఉంటుంది.
చివరికి పొయ్యిరాయి దొరికింది.
మసి మీద తెల్లగా: 113.

"ఏం గీశావే అక్కడ?"
సర్కారు మాట చెబుదామని నోరు తెరిచాను.
మా భాషలో దానికి ఈడూ లేదు, జోడూ లేదు.
"లెక్కకు ముందరిది, అవ్వా" అన్నాను.
"లెక్కా?"
పొగాకు పక్కకి ఉమ్మింది.
"పిల్లల్నీ మేకల్నీ వేలు పెట్టి లెక్కపెడితే
వినేవాళ్లు వింటారు.
చావుకి దారి చూపించడం అది."
"మనుషుల్ని కాదవ్వా. ఇప్పుడే కాదు."
"మనుషుల్ని కాకపోతే రాళ్లని లెక్కపెట్టడానికా
ఇంత ఎండలో వచ్చావు?"
నిజం చెప్పాలంటే, ఔను.

పొద్దు వాలుతుంటే మేకలొచ్చాయి.
ముందు దుమ్ము, తర్వాత అవి.
అవ్వ కంప సందు దగ్గర నిలబడింది.
పెదవి కదల్లేదు. వేలు మడవలేదు.
ఆఖరిది లోపలికి దూరగానే
"చెవి చీలిన ఎర్రది రాలేదు" అంది.
మనవడు ఏటి వైపు పరిగెత్తాడు.

నీకెన్ని మేకలవ్వా అని అడగబోయి
నాలుక కరుచుకున్నాను.
ఎన్నో ఆమెకు తెలియదు.
ఏది లేదో తెలుసు.
నా నోట్లో ఆ మాట
కొంచెం మెత్తబడింది.

*

ఆగస్టులో వెళ్లేసరికి గుడిసెలు లేవు.
పడమట వాన పడిందట.
కంప చెల్లాచెదురు.
పొయ్యిరాళ్లు మూడూ ఉన్నాయి,
నా అంకెల్లో మొదటిది గాలికి చెరిగిపోయి
13 మిగిలింది.

ఫారంలో గడి: మొత్తం సభ్యులు.
"సున్నా వెయ్యి" అన్నాడు ఫోన్లో సారు.
సిగ్నల్ లేదు, వినపడ్డం లేదు సార్ అన్నాను,
సిగ్నల్ నిండుగా ఉండగానే.

రాయి పక్కన కూలబడ్డాను.
పొగాకు ఉమ్మే అవ్వ లేదు.
పరిగెత్తే మనవడు లేడు.
నాకు మజ్జిగ ఇచ్చి, నడుము పట్టుకుని
మెల్లగా లోపలికెళ్లిన కోడలు నకీరు లేదు,
ఆమె కడుపులోది ఈపాటికి
బయటికొచ్చే ఉంటుంది, అదీ ఇక్కడ లేదు.
పెదవి కదపకుండా చూశాను అందర్నీ.
పెన్ను మూత తియ్యలేదు.

ఎర్ర మేక ఆ రాత్రి దొరికిందో లేదో
అడగనే లేదు నేను.