అర్హతలు

అరవై శాతం మార్కులు, గేట్ స్కోరు,
రెండు సిఫారసు ఉత్తరాలు.
నోటీసు రాయించింది నేనే.

నా పరిశోధనంతా దారిలో రాలిపోయే అంకెల గురించి.
పది పంపితే ఎనిమిదే చేరినప్పుడు
ఆ రెండూ ఏవో
చేరినవాటినే అడిగి రాబట్టడం.

మార్కాపురం పలకల షెడ్డులో
పారేసిన గుట్టలోంచి అమ్మ ఏరుకొచ్చేది.
మూల విరిగిన పలక మీద
నా పేరులో చివరి అక్షరం గాల్లో పడేది.
ఖాజాబీ టీచరు పూర్తిగా చదివి
టిక్కు పెట్టేది.

ఇవాళ ఒంగోల్లో, నా బల్ల మీద
కంభం నుంచి ఒక దరఖాస్తు:
దూదేకుల చినకాశిం, యాభై ఎనిమిది.
మూడో సెమిస్టరు ఖాళీ.
గుమాస్తా ఎర్రసిరా పెన్ను మూత తీశాడు.

ఉండవయ్యా, అన్నాను.
ముందు పిల్లాణ్ణి పిలువు.
డీన్ ఒప్పుకుంటాడో లేదో, అది తర్వాత.